ఆధారమడిగిన అలుకయేల?

తిరువూరు ఏ జిల్లాలోనిదని అడిగినచో, 2022కు ముందు అచ్చయిన పుస్తకములన్నియు కృష్ణా జిల్లాలోనిదని చెప్పును. ఆ యేట ఏప్రిల్ 4వ తేదీన ఎన్.టి.ఆర్. జిల్లా ఏర్పడినప్పుడు తిరువూరు అందులో చేరినది. కనుక రెండు మాటలును నిజములే. అయినను పాత పుస్తకమును చేతబట్టి ఒక విద్యార్థియు, క్రొత్త ఉత్తరువును చేతబట్టి వేరొక విద్యార్థియు వాదమునకు దిగినచో సాయంకాలమునకైనను తగవు తెగదు. ఏ వాక్యము ఏ నాటిదో చెప్పనంతవరకు అది తెగునది కాదు.

ఇట్టి తగవులను తీర్చుకొనుటయే నిత్యకృత్యముగా గల కూటమి యొకటి తెలుగున కలదు. 2001 జనవరిలో ఆంగ్లమున మొదలైన వికీపీడియాకు 2003 డిసెంబరులో తెలుగు శాఖ ఏర్పడినది. అందు వ్రాయువారికి జీతము లేదు. పలువురు తమ అసలు పేరునైనను చెప్పరు. ఎవరైనను వ్రాయవచ్చును, ఎవరు వ్రాసినదానినైనను మరియొకరు దిద్దవచ్చును. ప్రతి దిద్దుబాటును తేదీతో, వేళతో నిలిచియుండును. ప్రతి వ్యాసము వెనుకను ఒక చర్చాపుట యుండును. అందరికిని సంబంధించిన విషయములను తర్కించుకొను చోటికి వారు ‘రచ్చబండ’ యని పేరు పెట్టుకొనిరి. రావిచెట్టు నీడ లేకున్నను పల్లె పేరును విడువకుండుట ముచ్చటైన సంగతి.

ఆ రచ్చబండపై గట్టిగా వినవచ్చు ప్రశ్న యొక్కటే: ‘దీనికి ఆధారమేది?’ ముప్పది యేండ్లు చరిత్ర బోధించిన ఉపాధ్యాయుడొకరు తన ఊరిని గురించి నాలుగు వాక్యములు వ్రాసినారనుకొందురు గాక. మరునాటికి పేరు తెలియని వాడెవడో వచ్చి, మూలము చూపవలెనని ఒక గుర్తు తగిలించి పోవును. తరగతిలో ఎదురు చెప్పించుకొని యెరుగని పెద్దమనిషికి అది అవమానముగా తోచుట సహజమే. కాని ఆ ప్రశ్న ఆయన విద్వత్తును శంకించుట కాదు. ఆ వాక్యమును చదువువాడు శ్రీకాకుళములో నుండవచ్చును, షికాగోలో నుండవచ్చును. తిరువూరు వచ్చి ఆయన తలుపు తట్టలేడు. పుస్తకము పేరును, పుట సంఖ్యయు ఇచ్చినచో తెరచి చూచుకొనగలడు.

ఈ పద్ధతి తెలుగువారికి క్రొత్త. పెనుగంచిప్రోలులో జన్మించిన కొమర్రాజు వేంకట లక్ష్మణరావు పంతులుగారు – అదియు 2022లో ఎన్.టి.ఆర్. జిల్లాలోనికి వచ్చిన ఊరే – ఆంధ్ర విజ్ఞాన సర్వస్వమునకు పూనుకొన్నప్పుడు, శాస్త్రమునకొక పండితుని వెదకి వ్రాయించిరి. వ్రాసినవారి పేరే పాఠకునకు పూచీ. ఆ పూచీ గొప్పది; కాని దానికి కాలము పట్టును, ధనము పట్టును. తొలి అక్షరములను దాటకమునుపే, 1923లో, పంతులుగారు కాలధర్మము నొందిరి. పేరు లేనివారు వేలకొలది చేరి వ్రాయు గ్రంథమున పూచీ పేరునుండి పుటకు మారక తప్పదు. పండితుని మాటకును పదవ తరగతి బాలుని మాటకును అచట ఒకే తూనిక.

‘స్వంత పరిశోధన కూడదు’ అను నియమము మరింత మందిని నొప్పించును. ‘తిరు’ యనగా పవిత్రము, ‘ఊరు’ యనగా గ్రామము. కనుక తిరువూరనగా పుణ్యగ్రామమని ఒకరు వ్యాసములో వ్రాయుదురు. ఊహ అందముగానే యున్నది, నిజమును కావచ్చును. అయినను స్థలనామములను పరిశీలించినవారెవరైన ఆ మాట అచ్చులో చెప్పియుండిననే దానికి చోటు. ఈ నియమము లేనిచో ప్రతి ఊరి పేరునకు ఊరంత మంది అర్థము చెప్పుదురు.

అచ్చయిన పుస్తకము దొరికినంతమాత్రమున పని ముగిసినదనుకొనుటయు పొరపాటే. గార్డన్ మెకంజీ 1883లో వెలువరించిన కృష్ణా జిల్లా మాన్యువలు ఘనమైన గ్రంథము. అందులోని జిల్లా లెక్కనొకదానిని తీసి నేటి కృష్ణా జిల్లా లెక్క ప్రక్కన పెట్టినవాడు పుట సంఖ్య సరిగానే ఇచ్చియుండును, తప్పును చెప్పియుండును. ఏలయనగా 1859లో గుంటూరు, మచిలీపట్టణము జిల్లాలను కలిపి కృష్ణా జిల్లా చేసిరి. 1904లో గుంటూరును, 1925లో పశ్చిమ గోదావరిని విడదీసిరి. 2022లో మరల చీల్చిరి. పేరు ఒక్కటే, నేల వేరు. చరిత్రోపాధ్యాయుని విద్య అక్కరకు వచ్చునది ఇచటనే. రచ్చబండపై ఆయన గౌరవము దక్కించుకొనునదియు ఇచటనే.

వేరొక వల కలదు. ఎవడో వికీపీడియాలో ఆధారము లేని మాట నొకటి చేర్చును. విలేఖరి తొందరలో దానిని తన వార్తలోనికి ఎత్తుకొనును. పిదప ఆ వార్తనే ఆ మాటకు ఆధారముగా చూపుదురు. పాము తన తోకను తానే మ్రింగినట్లు! పత్రికలవారు ఈ విషయమున చేతులు కడిగికొనజాలరు. ప్రశ్న అడిగినంతనే ఉత్తరము కూర్చియిచ్చు కృత్రిమ మేధ వచ్చిన తరువాత ఈ చిక్కు ముదిరినది. లేని గ్రంథమునకు పేరును, పుటయు కల్పించి చెప్పుటకును ఆ యంత్రము వెనుదీయదు. విద్యార్థి పుటను స్వయముగ తెరచి చూడకున్న మోసపోవును.

ఇంతయు చెప్పిన తరువాతను ఆధారవాదులు సమాధానము చెప్పలేని ఆక్షేపణ యొకటి మిగులును. చెరువు కట్ట ఎవరు వేయించిరో, ఏ తిరునాళ్లు ఎందుకు నిలిచిపోయినవో, ఏ కులమువారు ఏ పాటను కాపాడిరో తెలిసిన వృద్ధులు పల్లెలయందున్నారు. వారి మాట అచ్చులో లేదు. అచ్చు కానిది లేనిదేయని శాసించినచో, చదువుకొన్నవారి చరిత్రయే చరిత్రయగును. అచల్ ప్రభల 2011లో ఈ లోటును చూపుచు ఒక చిత్రము తీసిరి. మలయాళము, హిందీ, దక్షిణాఫ్రికాలోని సెపెడీ వికీపీడియాలలో నోటిమాటను ధ్వనిముద్రణ చేసి ఆధారముగా వాడిచూచిరి. అది పెక్కురకు నచ్చలేదు. ముద్రించినంతనే మాట పరీక్షకు నిలుచునా యని వారి శంక. ఆ శంక తోసివేయదగినది కాదు. ఆ లోటును కాదనదగినది కాదు.

ఆ తగవు తెగువరకు వేచియుండవలసిన పని మాత్రము లేదు. తిరువూరు బడులలోని విద్యార్థులు ఒక్కొక్క వృద్ధుని మాటను, చెప్పినవారి పేరు, ఊరు, తేదీతో సహా వ్రాసికొనవచ్చును. ఇద్దరు చెప్పినది పొసగనిచో రెండును వ్రాయవచ్చును. ఉపాధ్యాయులు దానిని పాత రికార్డులతో పోల్చి, తెలిసిన సంపాదకుని చేత అచ్చు వేయించి, ఒక ప్రతిని గ్రంథాలయమున నుంచవచ్చును. అప్పుడు శ్రీకాకుళమునుండి ఎవడైన పుట సంఖ్య యడిగినచో చూపుటకు పుట యుండును.