కోత పొట్టకు.. మంట ఛాతీలో!

2025 ఫిబ్రవరి ‘మన్ కీ బాత్’లో ప్రధాని ఊబకాయం గురించి మాట్లాడి, వంటనూనె తగ్గించమన్నారు. ఆ ఏడాదే బరువు తగ్గించే కొత్త ఇంజెక్షన్లు మన మార్కెట్లోకి వచ్చాయి. కాబట్టి మీ కరెంట్ అఫైర్స్ నోట్సులో ఊబకాయానికి ఒక పేజీ ఉండే ఉంటుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 (2019-21) అంకెలూ రాసుకునే ఉంటారు: 15-49 ఏళ్ల మహిళల్లో అధిక బరువు, ఊబకాయం కలిపి దేశంలో 24 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 36, తెలంగాణలో 30. ఆ పేజీ చివర ‘బేరియాట్రిక్ సర్జరీ’ అని ఒక్క ముక్క రాసి వదిలేశారా? ఆ ముక్క వెనక చాలా ఉంది.

స్కూల్లో చదివిన జీవశాస్త్రం ఒకసారి గుర్తు చేసుకోండి. ఆహారవాహిక దాదాపు 25 సెంటీమీటర్ల కండర గొట్టం. పెరిస్టాల్టిక్ చలనాలతో ముద్దను కిందికి తోస్తుంది. దాని కింది చివర ఉండే కండర వలయం ముద్ద వచ్చినప్పుడు వదులై, మిగతా వేళల్లో బిగిసి ఉంటుంది. ఆహారవాహిక పొట్టలోకి ఏటవాలుగా దిగే కోణం కూడా ఆమ్లం పైకి ఎగదన్నకుండా ఆపుతుంది. పుస్తకంలో ఈ కోణం ఊసు పెద్దగా ఉండదు గానీ, అసలు సంగతి అక్కడే ఉంది.

ఇప్పుడు ఎక్కువగా చేస్తున్నది స్లీవ్ ఆపరేషన్. పొట్టలో సుమారు 75-80 శాతం తీసేసి, అరటిపండు ఆకారంలో సన్నటి గొట్టాన్ని మిగులుస్తారు. కోత పైదాకా వెళ్లేసరికి ఆ కోణం చెదిరిపోవచ్చు, వలయానికి దన్నుగా ఉండే కండర పోగులు తెగొచ్చు. మిగిలిన గొట్టమేమో మునుపటి పొట్టలా సాగదు, లోపల ఒత్తిడి పెరుగుతుంది. మూత వదులైన సీసాను నొక్కితే ఏమవుతుంది? అదే అవుతుంది. పులితేన్పులు, ఛాతీలో మంట. అందరికీ ఇలాగే జరుగుతుందని కాదు. బరువు తగ్గడంతో కడుపు మీద ఒత్తిడి తగ్గి, పాత మంట పోయినవాళ్లూ ఉన్నారు.

ఫిన్లాండ్‌లో 240 మందితో చేసిన స్లీవ్‌పాస్ పరిశోధన పదేళ్ల ఫలితాలు 2022లో వచ్చాయి. ఎండోస్కోపీ చేసి చూస్తే ఆహారవాహికలో వాపు, పుండ్లు స్లీవ్ చేయించుకున్నవాళ్లలో 31 శాతానికి, బైపాస్ వాళ్లలో 7 శాతానికి కనిపించాయి. క్యాన్సర్‌కు దారితీసే అవకాశమున్న బారెట్స్ మార్పు మాత్రం రెండు వర్గాల్లోనూ 4 శాతమే. ఈ రెండో అంకెను వదిలేసి మొదటిదే చెబితే జనాన్ని భయపెట్టినట్టే అవుతుంది.

బైపాస్‌లో ఆహారవాహిక కింద చిన్న సంచి మాత్రమే మిగులుతుంది. ఆమ్లం తయారుచేసే పొట్ట భాగం దారి నుంచి పక్కకు పోతుంది. అందుకే ముందునుంచీ తీవ్రమైన మంట ఉన్నవాళ్లకు వైద్యులు దీనివైపు మొగ్గుతారు. స్లీవ్ తర్వాత మంట తగ్గకపోతే బైపాస్‌గా మార్చడమూ ఉంది. ఇదీ ఊరికే రాదు, విటమిన్ మాత్రలు జీవితాంతం వేసుకోవాలి. ఒకప్పటి సిలికాన్ బ్యాండ్ పద్ధతి ఇప్పుడు బాగా తగ్గింది. బ్యాండ్ మరీ బిగిస్తే ఆహారం పైనే నిలిచిపోయి ఆహారవాహిక ఉబ్బేది, చలనాలు బలహీనపడేవి.

ఇక జవాబులో రాయదగ్గ విషయం. 2022 అంతర్జాతీయ మార్గదర్శకాల ప్రకారం ఆసియా వాసులకు బీఎంఐ 27.5 నుంచే సర్జరీని సూచించవచ్చు. మన ఐఆర్‌డీఏఐ ప్రామాణిక నిబంధనలో మాత్రం బీమా వర్తించాలంటే బీఎంఐ 40 ఉండాలి, లేదా తీవ్రమైన అనుబంధ జబ్బులతో 35 ఉండాలి. ఈ రెండింటి మధ్య ఉన్నవాళ్లు సొంత డబ్బే పెట్టుకోవాలి. అప్పుడే ‘ప్యాకేజీ’ ప్రకటనలు బాగా పనిచేస్తాయి.

ఇది పరీక్షతో అయిపోయేది కాదు. యూనిఫాం ఉద్యోగం అనో, పెళ్లిచూపులు అనో మీలో ఎవరో ఒకరు ఈ ఆపరేషన్ గురించి ఆలోచిస్తూనే ఉండొచ్చు. ఇరవై రెండేళ్లకు చేయించుకుంటే ఆ ఆహారవాహికతో ఇంకో యాభై ఏళ్లు భోంచేయాలి. సంతకం పెట్టేముందు అడగండి: నాకు ఇప్పటికే రిఫ్లక్స్ ఉందా, ముందుగా ఎండోస్కోపీ చేస్తారా, మింగడంలో ఇబ్బంది ఉంటే కండరాల ఒత్తిడి కొలిచే మానోమెట్రీ చేస్తారా, నాకు స్లీవే ఎందుకు, ఐదేళ్ల తర్వాత నన్ను ఎవరు చూస్తారు?