కొరడా స్తంభం పేటలో పునరుద్ధరణ

పాత కట్టడాలను బాగుచేయడం అన్నివిధాలా మంచి పనే అనీ, దాన్ని ప్రశ్నించేవాడికి సంస్కృతి మీద గౌరవం లేదనీ మన విద్యావంతుల్లో ఒక నమ్మకం పాతుకుపోయింది. ఈ నమ్మకాన్ని సిద్ధాంతచర్చతో కాక ఒక వూరి అనుభవంతో పరీక్షించాలని నా ఉద్దేశం. ఆ వూరు బ్రెజిల్‌లోని సాల్వడార్. అక్కడ జరిగిన పునరుద్ధరణ గోడలను నిలబెట్టింది, ఆ గోడల మధ్య బతుకుతున్నవాళ్ళను వెళ్ళగొట్టింది. పైగా వాళ్ళ జీవితాన్నే ఆ వూరి ఘనతగా చూపి వ్యాపారం సాగించింది. సాహిత్యం చదివేవాళ్ళకు ఈ వ్యవహారంతో ప్రత్యేక సంబంధం వుంది. ఎంచేతంటే ఇందులో ఒక మహారచయిత పేరును కూడా వాడుకున్నారు.

సాల్వడార్‌ను పోర్చుగీసువారు 1549లో స్థాపించారు. 1763 దాకా బ్రెజిల్ వలసరాజ్యానికి అదే రాజధాని. పంచదార ఎగుమతితోనూ బానిసల వ్యాపారంతోనూ ఆ నగరం బలిసింది. దాని పాత పేట పేరు పెలోరిన్యో. బానిసలను కట్టివేసి కొరడాలతో కొట్టే స్తంభం అని ఆ మాటకు అర్థం. ఆ పేటలోని మేడలూ, బంగారు రేకు తాపిన చర్చీలూ చూసి పర్యాటకులు నివ్వెరపోతారు. అవి లేచింది ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసల కష్టంతో. అక్కడి రోజరీ మాత చర్చిని 18వ శతాబ్దంలో నల్లవారి భక్తసమాజమే కట్టుకున్నది. తెల్లవారి చర్చీలలో వాళ్ళకు సమాన స్థానం లేదు మరి.

బ్రెజిల్‌లో బానిసత్వం 1888లో రద్దయింది. కాలక్రమాన సంపన్నులు కొత్త పేటలకు తరలిపోయారు. వాళ్ళు వదిలిన మేడలను గదులు గదులుగా విడగొట్టి అద్దెకిచ్చారు. చాకిరీ చేసుకునే ఆడవాళ్ళు, చేతిపనివాళ్ళు, వీధి వర్తకులు, రేవు కూలీలు, వేశ్యలు ఆ గదుల్లో కాపురం పెట్టారు. వాళ్ళలో ఎక్కువమంది నల్లవారు. ధనికులు వద్దనుకున్న పేటను ఒక శతాబ్దంపాటు మనుషులుండే పేటగా నిలిపింది వాళ్ళే.

జోర్జ్ అమాదో వాళ్ళ రచయిత. కుర్రతనంలో ఆయన పెలోరిన్యోలోని అలాంటి మేడలోనే ఒక గదిలో వున్నాడు. 1934లో వెలువడిన ‘సుఓర్’ అనే నవలలో ఆ మేడనే కథాస్థలం చేశాడు. సుఓర్ అంటే చెమట. 1937లో నియంతృత్వ ప్రభుత్వం ఆయన నవలలను అదే సాల్వడార్ నగరంలో బహిరంగంగా తగలబెట్టించింది. 1945లో ఆయన కమ్యూనిస్టు పార్టీ తరఫున పార్లమెంటుకు ఎన్నికయ్యాడు. ఈ చరిత్రను పాఠకులు గుర్తుంచుకోవాలి. తరవాతి కథకు ఇది అవసరం.

1985లో యునెస్కో ఈ పాత నగరాన్ని ప్రపంచ వారసత్వ సంపద జాబితాలో చేర్చింది. 1992లో బహియా రాష్ట్ర ప్రభుత్వం భారీ పునరుద్ధరణ ప్రారంభించింది. అప్పటి గవర్నరు ఆంటోనియో కార్లోస్ మగల్యాయిస్. సైనిక పాలన కాలంలోనూ ఆ రాష్ట్రానికి గవర్నరుగా వున్నవాడే ఆయన. పేటను విభాగాలుగా పంచి, దశలవారీగా ఇళ్ళు ఖాళీ చేయించారు. వున్నవాళ్ళ చేతిలో కొంత నష్టపరిహారం పెట్టి పొమ్మన్నారు. ఆ డబ్బుతో ఆ నగరంలో ఇల్లు సంపాదించడం అయ్యేపని కాదు. వేలాదిమంది కదిలిపోయారు. కొందరు దూరపు శివార్లు చేరారు. కొందరు పక్క వీధుల్లోనే కూలడానికి సిద్ధంగా వున్న ఇళ్ళలో తలదాచుకున్నారు. తరవాతి దశ వచ్చినప్పుడు అక్కడినుంచీ లేవవలసిందే.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. ఆ ఇళ్ళు శిథిలం కాలేదా? నీళ్ళూ మరుగుదొడ్లూ సరిగా లేని గదుల్లో జనం మగ్గలేదా? దొంగతనాలూ వ్యభిచారమూ లేవా? అన్నీ నిజమే. ఆ దారిద్య్రాన్ని అందంగా చిత్రించి కాపాడమనేవాడిని కాను నేను. కాని ఇల్లు కూలుతూంటే ఇల్లు బాగుచేయాలి. ఇంట్లోవాళ్ళను వీధిపాలు చేయడం మరమ్మతు ఎలా అవుతుంది? మురికి కాలువ లేకపోవడం అద్దెకున్నవాడి నేరం కాదు. అద్దె వసూలు చేసుకుని పైకప్పు ముట్టని యజమానిదీ, దశాబ్దాలపాటు అటు తొంగిచూడని ప్రభుత్వానిదీ ఆ నేరం. నేరం చేసినవాళ్ళు సంస్కర్తలయ్యారు, నష్టపోయినవాళ్ళు ముద్దాయిలయ్యారు.

ఖాళీ అయిన ఇళ్ళ ముఖాలకు రంగురంగుల సున్నాలు వేశారు. లోపల హోటళ్ళు, నగల దుకాణాలు, జ్ఞాపికలమ్మే అంగళ్ళు పెట్టారు. ఇళ్ళ వెనక పెరళ్ళను కలిపేసి, సంగీత ప్రదర్శనలకు బహిరంగ ఆవరణలు తయారుచేశారు. ఒకదానికి క్వింకాస్ పేరు, ఒకదానికి తెరేజా బతిస్తా పేరు, ఒకదానికి పేద్రో ఆర్కాంజో పేరు పెట్టారు. ముగ్గురూ అమాదో పాత్రలే. క్వింకాస్ పరువైన కుటుంబాన్ని కాలదన్ని వీధుల్లో తాగి తిరిగి అక్కడే ఆనందంగా చచ్చినవాడు. తెరేజా వేశ్య. ఆర్కాంజో వైద్య కళాశాలలో బంట్రోతు వుద్యోగం చేస్తూ, నల్లవారు హీనజాతి అన్న ఆచార్యులను పుస్తకాలు రాసి ఎదిరించినవాడు. ఈ ముగ్గురూ నిజంగా ఆ పేటలో అద్దెకుండి వుంటే ఏమయ్యేది? ప్రభుత్వ కాగితాల ప్రకారం ఒకడు తాగుబోతు, ఒకతె పడుపుకత్తె, ఒకడు చిరుద్యోగి. ముగ్గురి చేతుల్లోనూ పరిహారం పెట్టి పంపించేసేవాళ్ళు. పుస్తకంలో వుంటే వాళ్ళు వారసత్వం. గదిలో వుంటే ఆక్రమణ. 1937లో పుస్తకాలను కాల్చినవాళ్ళు కనీసం వాటిలో ఏముందో గ్రహించారు.

పోనీ, తమ లెక్క ప్రకారమైనా వాళ్ళు గెలిచారా? లేదు. కాపురాలు లేని పేటలో చీకటిపడితే సందడి వుండదు. అంచేత ప్రభుత్వమే డబ్బిచ్చి పాటగాళ్ళను పిలిపించి ఆవరణల్లో కచేరీలు పెట్టించవలసి వచ్చింది. దుకాణాలకు అద్దె రాయితీ ఇచ్చి నిలబెట్టవలసి వచ్చింది. అయినా చాలా అంగళ్ళు మూతపడ్డాయి. ఒలోదుం అనే డప్పుల బృందం 1979లో ఈ పేట జనం మధ్య, ఎవరి రాయితీ లేకుండా పుట్టిందన్న సంగతి దీనితో పోల్చి చూడాలి. సరే, కట్టడాలైనా క్షేమమా? 2025 ఫిబ్రవరిలో ఆ పేటలోని ప్రఖ్యాత సాన్ ఫ్రాన్సిస్కో చర్చి లోకప్పు కూలి ఒక యువ పర్యాటకురాలు మరణించింది.

మరో మార్గం లేదనేవాళ్ళకు ఆ పేట జనమే సమాధానం చెప్పారు. ఏడో దశ పనులు తమ వీధులకు వచ్చేసరికి, అక్కడివాళ్ళు 2002లో సంఘం పెట్టుకున్నారు. పరిహారం పెంచమని కాదు వాళ్ళు అడిగింది, మేమిక్కడే వుంటామన్నారు. న్యాయపోరాటం సాగించారు. 2005లో ప్రభుత్వం ఒప్పందం మీద సంతకం పెట్టక తప్పలేదు. 103 కుటుంబాలకు, బాగుచేసిన ఇళ్ళలోనే నివాసం ఇవ్వడానికి ఒప్పుకుంది. అమలు ఏళ్ళతరబడి సాగదీసిందన్నది నిజమే. కాని ఒప్పందం ఒకటి రుజువు చేసింది. అవే గోడలు, అదే సున్నం, అదే ప్రభుత్వం. మొదటి దశల్లో అసాధ్యమన్నది ఏడో దశలో సాధ్యమైంది. మధ్యలో మారింది వాస్తుశాస్త్రం కాదు, జనం సంఘటితం కావడం.

వారసత్వం అన్న మాట వారసుడు అన్న మాటలోనుంచి వచ్చింది. వారసులు లేని ఆస్తిని మన వూళ్ళలో దిక్కులేని సొత్తు అంటారు. దాన్ని ఎవడో కాజేస్తాడు. బానిసలు కట్టిన మేడలకు వారసులెవరు? బానిసల సంతతా, హోటలు యజమానులా? ఈ ప్రశ్న తప్పించుకుని స్తంభాల సొగసు గురించీ కిటికీల పనితనం గురించీ వ్యాసాలు రాసేవాళ్ళు కళను ప్రేమించడం లేదు, కాజేసినవాడికి దస్తావేజు రాసిపెడుతున్నారు. పాత పేటను బాగుచేస్తామని ఏ ప్రభుత్వమైనా ముందుకు వస్తే, రచయితలు మొదట అడగవలసింది ఒక్కటే: పని పూర్తయిన మర్నాడు ఆ ఇళ్ళలో నిద్రలేచేవాళ్ళెవరు? దానికి జవాబు కాగితం మీద రాసి ఇవ్వనిదే ఒక్క ఇటుక కూడా కదపనివ్వకూడదు.