ఒంటరోడి చీటీ

రాజు, మంత్రి, దొంగ, పోలీసు చీటీలు ఎగరేయకుండా వేసవి సెలవులు గడిచిన ఇల్లు మన దగ్గర తక్కువే. మా ఇంట్లో రాజుకి 1000, మంత్రికి 800, పోలీసుకి 500, దొంగకి సున్నా. దొంగెవరో మంత్రి చెప్పాలి. తప్పు చెబితే ఆ 800 దొంగకి పోతాయి, మంత్రికి సున్నా. దొంగ చీటీ వస్తే అందరం మొహం మాడ్చుకునేవాళ్లం. ఆ మాడిన మొహం చూసే మంత్రి పట్టేసేవాడు, అది వేరే సంగతి.

ఒకసారి లెక్కేసి చూడండి. మంత్రి ముందు ఇద్దరే అనుమానితులు. గుడ్డిగా చెబితే సగం సార్లు తప్పుతాడు. అంటే దొంగకి సగటున 400, మంత్రికీ 400. పోలీసు ఏమీ చేయకుండా కూర్చుని 500 పట్టుకుపోతాడు! అయిదుగురు ఆడే రాముడు–సీత ఆటలో ఇంకా విచిత్రం. రాముడికి 1000, సీతకి సున్నా, మిగతా ముగ్గురూ తమ్ముళ్లు. నలుగురిలో సీతెవరో రాముడు చెప్పలేకపోతే ఆ వెయ్యీ సీతకే. గుడ్డి లెక్కన సీతకి 750, రాముడికి 250. చీటీ మీద రాసింది ఒకటి, చేతికొచ్చేది ఇంకోటి.

ఈ లెక్కలన్నీ ఇప్పుడెందుకంటే, మా కీసర శనివారం బ్యాచ్ ఒక్క చీటీ వల్ల విడిపోయేలా ఉంది. మేం ఏడుగురం. కొందరం పోచారం పోతాం, కొందరం ఔటర్ ఎక్కి గచ్చిబౌలి పోతాం. వారమంతా ఫోన్‌లో మెసేజీలే తప్ప మనిషి కనపడడు. శనివారం రాత్రి డాబా మీద కూర్చుని ఆడే ఆటొక్కటే మిగిలింది. ఆట పేరు ‘బ్యాంగ్’. 2002లో ఇటలీలో ఎమిలియానో షారా తయారుచేసిన పత్తాలాట. ఎవరు ఏ పక్షమో దాచి ఆడే ఆటల్లో ‘మాఫియా’ చాలామందికి తెలుసు కదా, 1986లో మాస్కోలో దిమిత్రీ డేవిడాఫ్ మొదలుపెట్టినది. ఇదీ ఆ కుటుంబమే, కాకపోతే కౌబాయ్ టోపీ పెట్టుకుంది.

ఏడుగురిలో ఒకడు షెరీఫ్. వాడి చీటీ అందరికీ కనపడుతుంది, ఒక ప్రాణం ఎక్కువ కూడా. వాడికి ఇద్దరు డిప్యూటీలు, వాణ్ణి చంపాలని ముగ్గురు దొంగలు. మిగిలిన ఒక్కడు రెనెగేడ్. మేం ఒంటరోడు అంటాం. షెరీఫ్ కాకుండా మిగతా అందరి చీటీలూ చచ్చేదాకా మూసే ఉంటాయి. ఒంటరోడు గెలవాలంటే అందరూ పోవాలి, షెరీఫ్ ఆఖరున పోవాలి. ఇంకెవరైనా బతికుండగా షెరీఫ్ చస్తే గెలుపు దొంగలది. దొంగలు ముగ్గురూ అప్పటికే చచ్చిపోయి ఉన్నా సరే!

మా వాడొకడికి వరసగా మూడు వారాలు ఇదే చీటీ. మూడోసారి పత్తాలు కింద పడేసి, ‘ఇది పడితే గెలిచేది లేదు పాడు లేదు, కూసోని చాయ్ తాగుడే. వచ్చే వారం నేను రాను’ అన్నాడు. ఊరికే అన్నాడనుకున్నాం. నిజంగానే రాలేదు.

వాడి బాధలో నిజముంది, కానీ ఆడిన తీరులోనూ తేడా ఉంది. ఒంటరోడు అనగానే నక్కి కూర్చోవాలనుకుంటాడు. అసలు పని దాక్కోవడం కాదు, త్రాసు పట్టుకోవడం. దొంగలు తొందరగా పోతే షెరీఫు, ఇద్దరు డిప్యూటీలు కలిసి నీ మీద పడతారు. డిప్యూటీలు తొందరగా పోతే దొంగలు షెరీఫ్‌ని లేపేస్తారు. ఏ పక్షం బరువు తగ్గుతుంటే ఆ పక్షానికి ఒక తూటా సాయం చేయాలి. మొదట్లో డిప్యూటీలా నటించక తప్పదు. చిక్కేంటంటే డిప్యూటీలు ఇద్దరే, అలా కనపడేవాళ్లు ముగ్గురు. లెక్క తెలిసిన షెరీఫ్ ఆ మూడోవాడి కోసం వెతుకుతూ ఉంటాడు. ఆ అనుమానం నిజమైన డిప్యూటీ మీదకి మళ్లితే పండగే. సొంత డిప్యూటీని చంపిన షెరీఫ్ తన పత్తాలన్నీ పారేయాలి మరి. దొంగని చంపినవాడికి మూడు పత్తాలు బహుమతి, కాబట్టి ఆఖరి తూటా నీదయ్యేలా చూసుకోవాలి.

మా వాడు ఎప్పుడూ తప్పేది చివర్లో. ఇద్దరే మిగిలాక బీర్ పత్తా పనిచేయదు. పైగా టర్న్ అయ్యాక ఎన్ని ప్రాణాలుంటే అన్ని పత్తాలే చేతిలో ఉంచుకోవాలి. అయిదు ప్రాణాల షెరీఫ్ దగ్గర అయిదు పత్తాలు, రెండు ప్రాణాల ఒంటరోడి దగ్గర రెండు. ఇంకేం పోటీ? అందుకే మూడోవాణ్ణి చంపే ముందే బీర్లు తాగేయాలి. షెరీఫ్‌ని మరీ కాపాడకుండా దొంగల తూటాలు రెండు తగలనివ్వాలి. వాల్కానిక్ తుపాకీ దొరికితే వదలొద్దు. పక్కవాడికి తప్ప అందదని ఏడుగురి ఆటలో దాన్నెవరూ లెక్కచేయరు. ఇద్దరే మిగిలాక ఎదుటివాడే పక్కవాడు, దాంతో ఎన్నిసార్లయినా కాల్చొచ్చు.

ఇంతా చేసినా ఒంటరోడు మిగతావాళ్లంత తరచుగా గెలవడు. గెలవాలని నేననను కూడా. కానీ గెలిచినప్పుడు దొరికేది దొంగ చీటీలోలాగా ఘనంగా ఉండాలి. అందుకే పాయింట్లు పెడదామన్నాను. షెరీఫ్ పక్షం గెలిచినా, దొంగలు గెలిచినా, ఆ పక్షంలో మనిషికి 300. ఒంటరోడు గెలిస్తే 1000. ఓడినా షెరీఫ్‌తో చివరి పోటీ దాకా వచ్చాడు కదా, ఊరడింపుగా 500 ఇద్దామని ఒకరన్నారు. నేను వద్దన్నాను. అలా ఇస్తే వాడు షెరీఫ్ ఒంటి మీద ఈగ వాలనివ్వడు, ఆట మొత్తం మూడో డిప్యూటీగా కాపలా కాస్తాడు. దొంగలకి దారే ఉండదు.

ఈ లెక్క వాడికి ఫోన్‌లో చెప్పాను. కాసేపు ఆలోచించి, ‘మీరు పది ఆటల్ల నాలుగు గెలుస్తరు అనుకో, 1200 వస్తయి. నేను ఒక్కటి గెలుస్త, నాకు 1000 ఏంది?’ అన్నాడు. 1200 ఇస్తే ఈ శనివారం వస్తాడట. బేరం ఇంకా నడుస్తోంది.