రంపం లాగేవాడు, గాలిమర కొన్నవాడు

ఆన్‌సైట్ పేరుతో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఏడాదిన్నర ఉన్నాను. ఇండియా నుంచి ఎవరొచ్చినా గాలిమరలు చూపించుకు రావడం నా డ్యూటీ. రైలెక్కితే పావుగంటలో జాన్‌డామ్. జాన్ అనే చిన్న నది మీద ఆనకట్ట కట్టిన చోట పుట్టిన ఊరు కాబట్టి ఆ పేరు. ఇంకో స్టేషను ముందుకెళ్ళి దిగితే కోకో వేయిస్తున్న వాసన ఘుమఘుమా వస్తుంది. ఓ ఏడెనిమిదిసార్లు వెళ్ళుంటాను. ఫొటోలు దిగడం, చీజు కొనడం, వచ్చేయడం. అంతే.

ఆ ఊరి కథ మీద నాకు ఆసక్తి పుట్టింది మాత్రం వెనక్కి వచ్చేశాక, ఆఫీసులో జరిగిన ఒక గొడవ వల్ల.

కోడ్ రాసిపెట్టే ఏఐ మా టీములోకి వచ్చిన కొత్తలో నేనో పొడుగాటి మెయిల్ రాశాను. అది రాసిన ప్రతి మార్పునీ ఇద్దరు సీనియర్లు చూసి ఒప్పుకోవాలని, ఫలానా మాడ్యూళ్ళలో అసలు వాడకూడదని. క్వాలిటీ, సెక్యూరిటీ అంటూ చాలా కారణాలు చూపించాను. అవి అబద్ధాలేమీ కావు. కానీ అసలు కారణం భయం. టీములో ఒక కుర్రాడు అది చదివి, "అన్నా, ఇది క్వాలిటీ కోసమా, మన సీట్ల కోసమా?" అన్నాడు. నవ్వేసి ఊరుకున్నాను.

నాలాంటి మెయిల్ నాలుగొందల ఏళ్ళ క్రితమే ఆమ్‌స్టర్‌డామ్ రంపపు కోతవాళ్ళు రాశారని తర్వాత తెలిసింది!

అప్పట్లో దుంగ కోయాలంటే ఇద్దరు మనుషులు కావాలి. పైనొకడు, కిందొకడు, రోజంతా రంపం లాగాలి. 1594లో కోర్నెలిస్ కోర్నెలిస్‌జోన్ అనే ఆయన జాన్ ప్రాంతానికి దగ్గర్లోనే ఉన్న ఔట్‌గేస్ట్‌లో గాలితో నడిచే కోతమిల్లు కట్టాడు. కిటుకంతా ఒక వంకర ఇరుసులో ఉంది. రెక్కలు గుండ్రంగా తిరుగుతుంటే ఆ ఇరుసు ఆ తిరుగుడుని పైకీ కిందికీ కదలికగా మారుస్తుంది. కుట్టుమిషన్లో సూది ఆడినట్టు రంపాలు ఆడతాయి. దుంగ కూడా దానంతటదే ముందుకి జరుగుతుంది. చేత్తో కోసేదాని కంటే సుమారు 30 రెట్లు వేగం.

ఆమ్‌స్టర్‌డామ్‌లో కోతవాళ్ళకి సంఘం ఉంది, పలుకుబడి ఉంది. మర ఊళ్ళోకి రావడానికి వీల్లేదని అడ్డం పడ్డారు. 1630 దాకా అడ్డుకోగలిగారు కూడా. జాన్ ఒడ్డునున్నవి పల్లెటూళ్ళు, అక్కడ అడ్డుపడే సంఘం లేదు. 1596లోనే ఆ మొదటి మిల్లుని జాన్‌డామ్‌కి తరలించారు. తర్వాత జరిగింది తెలిసిందే. చవగ్గా పలకలు, పలకలతో ఓడలు. రష్యా జార్ పీటర్ 1697లో ఓడలు కట్టడం నేర్చుకుందామని వచ్చింది ఈ ఊరికే. ఆయన బస చేసిన చిన్న చెక్క ఇల్లు ఇప్పటికీ ఉంది. చూడటానికి జనం ఎగబడటంతో వారం రోజులకే ఆమ్‌స్టర్‌డామ్‌కి వెళ్ళిపోయాడనుకోండి, అది వేరే విషయం. 18వ శతాబ్దానికి ఆ చిన్న నది చుట్టుపక్కల 600 దాకా గాలిమరలు! కలప, నూనె, రంగులు, కాగితం, ధాన్యం, అన్నిటికీ.

మనవాళ్ళు ట్రైనింగుల్లో ఇలాంటి కథని ఇక్కడే ఆపేస్తారు. "చూశారా, మార్పుని అడ్డుకున్నవాడు వెనకబడ్డాడు, ఆహ్వానించినవాడు బాగుపడ్డాడు. రేపట్నుంచి అందరూ ఈ కోర్సు చేయండి" అని.

కానీ ఇంకాస్త చదివితే వేరే సంగతి కనిపించింది. జాన్ ఒడ్డున చాలా మిల్లులు ఒక్కడి సొత్తు కావు. నలుగురైదుగురు వాటాలేసుకుని కొనేవాళ్ళు. చెక్కతో కట్టిన మిల్లు, నిప్పు పడితే అయిపోయినట్టే. అందుకని మిల్లులవాళ్ళంతా ముందే ఒప్పందం రాసుకునేవాళ్ళు, ఒకరి మిల్లు కాలితే మిగతావాళ్ళు తలా కొంత వేసుకుని నష్టం పంచుకోవాలని. అంటే వాళ్ళు మరని రానిచ్చి ఊరుకోలేదు. దాని లాభంలో వాటా ఏమిటో, ముప్పులో వాటా ఏమిటో కూడా తేల్చుకున్నారు. కూలివాళ్ళకి వాటాలిచ్చారని నేననడం లేదు. మిల్లులో దుంగలు మోసినవాడు మోస్తూనే ఉన్నాడు. బాగుపడినవాడు వాటా ఉన్నవాడే.

ఇంకో ముక్క. ఆ వైభవమూ నిలవలేదు. 18వ శతాబ్దంలోనే ఓడల పని తగ్గిపోయింది, 19లో ఆవిరి యంత్రాలొచ్చి గాలిమరల్ని మింగేశాయి. ఊరు మాత్రం చావలేదు. 1886లో వెర్‌కాడే బేకరీ, తర్వాత బిస్కట్లు, చాక్లెట్లు. పక్కనున్న క్రొమ్మెనీలో ఓడల తెరచాపల గుడ్డ నేసినవాళ్ళే లినోలియం పరుపులకి మారారు, ఆ పరిశ్రమ ఇప్పటికీ నడుస్తోంది. మిగిలిన కాసిని గాలిమరల్లో కొన్ని టూరిస్టుల కోసం తిరుగుతున్నాయి. నేను ఫొటోలు దిగింది వాటి ముందే. కానీ ఊరు బతకడం వేరు, ఊళ్ళో మనిషి బతకడం వేరు. తెరచాప నేసిన ముసలాయనకి మనవడి లినోలియం ఉద్యోగం కూడు పెట్టిందా?

మా టీము సంగతి చెప్పాలిగా. పన్నెండుమందిమి ఉండేవాళ్ళం, ఏడాది తిరిగేసరికి ఏడుగురం మిగిలాం. వెళ్ళిపోయినవాళ్ళలో ఆ కుర్రాడున్నాడు. ఆ ఏఐని అందరికంటే ముందు నేర్చుకున్నది వాడే. నాక్కూడా నేర్పింది వాడే. అడ్డం పడ్డ నేను ఉన్నాను, ఆహ్వానించినవాడు వెళ్ళిపోయాడు. కాబట్టి ట్రైనింగు కథ నాకు ఇక ఎక్కదు.

అలాగని కోతవాళ్ళ సంఘంలా ద్వారం దగ్గర నిలబడదాం అనడం లేదు. వాళ్ళు పట్టుమని ముప్ఫై ఐదేళ్ళు ఆపారు, ఈలోగా పని పక్క ఊరికి పోయింది. మన దగ్గర ముప్ఫై ఐదు నెలలు కూడా ఆగదు. నేననేది ఒకటే. "దీన్ని వాడాలా వద్దా" అని కొట్టుకుంటున్నాం, అడగాల్సింది అది కాదు. నాలుగు రోజుల పని ఒక రోజులో అయితే మిగిలిన మూడు రోజులు ఎవరివి? కొత్త పని నేర్చుకోడానికి ఆఫీసు టైములోనే గంటలిస్తారా, శనాదివారాలు మన ఖర్చా? సీటు పోయినవాడికి ఎన్ని నెలల జీతం? ఇవి కాయితం మీద ముందే రాయించుకోవాలి, మిల్లు కాలాక కాదు. ఒక్కొక్కడుగా అడిగితే ఎవడూ పలకడు, అదీ నిజమే. నలుగురూ కలిసి అడగడం మన ఐటీవాళ్ళకి నామోషీ, అదొక్కటే అడ్డం.

నేను రాయాల్సిన మెయిల్ ఇది. రాసింది వేరేది.

మొన్న ఆ కుర్రాడికి ఫోన్ చేశాను. ఇంకా వెతుక్కుంటున్నాడు. "నువ్వడిగినదానికి అప్పుడు సమాధానం చెప్పలేదురా, అది సీట్ల కోసమే" అన్నాను. "తెలుసన్నా" అన్నాడు. "నా సీటు గురించి కూడా ఓ ముక్క రాసుంటే బాగుండేది."