కల్యాణపురం చెప్పే పాఠం: పెళ్లి కాగితంలో ఎవరి సమ్మతి?

2025 నవంబరులో తమిళనాడు, పుదుచ్చేరిల్లో ఓటర్ల జాబితా ప్రత్యేక సవరణ మొదలయ్యాక మన ఇళ్లలో పాత కాగితాల వెతుకులాట పెరిగింది. పాత జాబితాలో తమ పేరు లేనివారు తల్లిదండ్రుల పేరు చూపాల్సి వచ్చింది. ఆంధ్ర నుంచి కోడళ్లుగా వచ్చినవారికి ఇక్కడే చిక్కు. పుట్టింటి పేరు ఒకటి, మెట్టినింటి పేరు మరొకటి. రెంటినీ కలిపి చెప్పేది పెళ్లి కాగితమే. అది ఎన్ని ఇళ్లలో ఉంది?

మన పెద్దల పెళ్లిళ్లకు లైసెన్సులు లేవు. లగ్నపత్రిక, శుభలేఖ, పురోహితుడు, నలుగురు పెద్దలు ఉంటే చాలు. 1872లో వచ్చిన క్రైస్తవ వివాహ చట్టం, ప్రత్యేక వివాహ చట్టం కింద జరిగిన పెళ్లిళ్లు మాత్రం రిజిస్టరుకెక్కాయి. రెండింటిలోనూ చిన్న వయసువారికి తండ్రి లేదా సంరక్షకుడి సమ్మతి కావాలి. ప్రత్యేక వివాహానికైతే 21 ఏళ్లు నిండేదాకా ఆ షరతు ఉండేది.

ఆ సమ్మతి పిల్లలకు రక్షణ అయిందా? జవాబు యానాంలో ఉంది. 1929 నాటి శారదా చట్టం ఆడపిల్లకు 14, మగపిల్లవాడికి 18 ఏళ్లు కనీస వయసుగా పెట్టింది. 1930 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. ఫ్రెంచి పాలనలోని యానాంలో అది చెల్లలేదు. గోదావరి జిల్లాలవారు పెళ్లిబృందాలతో అక్కడికి వెళ్లి బాల్యవివాహాలు చేసుకొచ్చారు. ఊరికి కల్యాణపురం అని పేరే పడింది. అక్కడ తండ్రి సమ్మతికి లోటు లేదు, పిల్లను తీసుకెళ్లిందే ఆయన. పిల్ల మాటే ఎవరూ అడగలేదు.

1955 హిందూ వివాహ చట్టం వధువుకు 15 ఏళ్లు చాలంది. 18 నిండకపోతే సంరక్షకుడి సమ్మతి అడిగింది. 1978 సవరణ వయసును 18కి పెంచి ఆ సమ్మతిని తీసేసింది. కనుక ఆ మధ్యకాలపు కాగితంలో సంరక్షకుడి సంతకం కనిపిస్తే, అమ్మమ్మ వయసు అక్కడే తెలిసిపోతుంది.

ఇప్పుడు పెద్దల అనుమతి మాట మళ్లీ వినిపిస్తోంది. 2025 జనవరిలో అమల్లోకి వచ్చిన ఉత్తరాఖండ్ ఉమ్మడి పౌరస్మృతి ప్రకారం, సహజీవనం చేసేవారిలో 21 నిండనివారుంటే తల్లిదండ్రులకు తెలియజేయాలి. పెద్దల మాటకు విలువ ఉండాలనే వాళ్లమే మేమూ. కానీ పెద్దల సంతకాన్నే రక్షణ అనుకోవడం కల్యాణపురాన్ని మరచిపోవడమే.

ఏళ్ల తరబడి ఫైళ్లు తిప్పినవాళ్లంగా మా సలహా ఇది. యానాం మూలాలున్నవారు ఫ్రాన్సులోని ఎక్స్ పట్టణంలో ఉన్న సముద్రాంతర పత్రాగారం ఆన్‌లైన్‌లో పెట్టిన జనన, వివాహ రిజిస్టర్లు చూడండి. ఇంటిపేర్లు ఫ్రెంచి ఉచ్చారణలో మారి ఉంటాయి. బయటినుంచి వచ్చి చేసుకున్న పెళ్లిళ్లన్నీ అందులో దొరుకుతాయని మాత్రం ఆశపడకండి. తమిళనాట 2009 చట్టం పెళ్లి నమోదును తప్పనిసరి చేసింది. మీ ఇంటి కొత్త పెళ్లిళ్లను వెంటనే నమోదు చేయించండి.

ఇంట్లో పెద్దావిడ ఉంటే ఈ వారమే పక్కన కూర్చుని, ఏ ఊళ్లో, ఎన్నో ఏట పెళ్లయిందో అడిగి రాసుకోండి. నిన్నెవరైనా అడిగారా అమ్మమ్మా, అని కూడా అడగండి. ఆ జవాబు ఏ రిజిస్టరులోనూ దొరకదు.