భాగమతి కథకు సనద్ ఎక్కడ?

సైదాబాద్‌లో నా దగ్గర చదువుకునే ఎనిమిదో తరగతి అబ్బాయి ఒకడు మొన్న క్లాసు ముగిశాక వెళ్ళకుండా నిలబడ్డాడు. "ఉస్తాద్, భాగమతి నిజంగా ఉందా, లేదా?" అని అడిగాడు. ఇంట్లో వాళ్ళ దాదీ ఉందంటున్నదట. ఫోన్‌లో వచ్చిన ఒక వీడియోలో ఆమె లేనే లేదని, ముస్లిం పాదుషాను బద్నాం చేయడానికి పుట్టించిన కథ అని చెప్పారట. మరో వీడియోలో ఆమె ఉందని, ఈ ఊరి అసలు పేరు భాగ్యనగరమేనని, ఆ పేరే మళ్ళీ పెట్టాలని చెప్పారట. ముగ్గురిలో ఎవరిని నమ్మాలని వాడి ప్రశ్న.

పిల్లవాడి ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది గానీ కాదు. 2020 నవంబర్‌లో నగరపాలక ఎన్నికల ప్రచారానికి వచ్చిన ఉత్తరప్రదేశ్ ముఖ్యమంత్రి యోగి ఆదిత్యనాథ్ హైదరాబాద్‌ను భాగ్యనగరంగా ఎందుకు మార్చకూడదని సభలో ప్రశ్నించారు. 2022 జూలైలో భారతీయ జనతా పార్టీ జాతీయ కార్యవర్గం ఇక్కడ సమావేశమైనప్పుడు ప్రధాని నరేంద్ర మోదీ నోట కూడా భాగ్యనగర్ అన్న మాట వచ్చింది. అలహాబాద్ 2018లో ప్రయాగ్‌రాజ్ అయింది. ఔరంగాబాద్ 2023లో ఛత్రపతి శంభాజీనగర్ అయింది. కనుక ఈ మాటను ఎన్నికల ముచ్చట అని కొట్టిపారేయలేము. పాతబస్తీలో పెద్దవాళ్ళు దీని గురించి మాట్లాడేటప్పుడు గొంతు తగ్గించి మాట్లాడుతున్నారు.

ముందు కథ చూద్దాం. గోల్కొండ యువరాజు ముహమ్మద్ కులీ మూసీ అవతల చిచ్లం గ్రామంలో ఉండే నర్తకి భాగమతిని ప్రేమించాడు. వరదలో గుర్రాన్ని నదిలోకి దూకించి ఆమె దగ్గరకు వెళ్ళాడు. కొడుకు ప్రాణం మీద భయంతో తండ్రి ఇబ్రాహీం కుతుబ్ షా వంతెన కట్టించాడు. అదే నేటి పురానా పుల్. గద్దెనెక్కిన తర్వాత ముహమ్మద్ కులీ 1591లో కొత్త నగరం కట్టి ఆమె పేరు పెట్టాడు. ఆమె ఇస్లాం స్వీకరించి హైదర్ మహల్ అయ్యాక నగరం హైదరాబాద్ అయింది. మా ఇంట్లోనూ ఇలాగే చెప్పేవారు. మీ ఇంట్లోనూ చెప్పే ఉంటారు.

మదర్సాలో హదీసు పాఠం మొదలుపెట్టినప్పుడు ఉస్తాదులు నేర్పే మొదటి సంగతి సనద్. సనద్ అంటే మాట ఒకరి నుంచి ఒకరికి చేతులు మారి వచ్చిన గొలుసు. మాట ఎంత బాగుందన్నది తర్వాత. చెప్పినవాడు ఎవరు, ఎవరి దగ్గర విన్నాడు, ఇద్దరూ ఒకే కాలంలో ఉన్నారా, కలిశారా, అతని జ్ఞాపకశక్తి ఎలాంటిది, ఆ మాట వల్ల అతనికి ఏదైనా లాభముందా అన్నది ముందు. మన ముహద్దిసులు వేలాది మంది రావీల జీవితాలను ఈ విధంగా జల్లెడ పట్టారు. భాగమతి కథను కూడా ఒకసారి ఆ జల్లెడలో వేసి చూడవచ్చు.

మొదటి రావీ ఫైజీ. అక్బర్ దర్బారు కవి. 1591 నుంచి కొంతకాలం దక్కన్‌లో అక్బర్ రాయబారిగా ఉన్నాడు. నగరానికి భాగమతి పేరు పెట్టారని పాదుషాకు నివేదిక పంపాడు. అంటే కాలం సరిపోయింది, సమకాలికుడు. కాగా అతను రాయబారిగా వచ్చింది అహ్మద్‌నగర్‌కు, గోల్కొండకు కాదు. రెండో రావీ నిజాముద్దీన్ అహ్మద్, అతనూ అక్బర్ కొలువులోని వాడే. మూడో రావీ ఫరిష్తా, బీజాపూర్ సుల్తాను ఆశ్రయంలో పదిహేడో శతాబ్దం మొదటి దశాబ్దంలో చరిత్ర రాసినవాడు. ముగ్గురూ బయటి దర్బారుల వారే. మొగలులకు దక్కన్ మీద కన్ను ఉండేది. బీజాపూర్‌కు, గోల్కొండకు మధ్య పోటీ ఉండేది. ఫైజీ, ఫరిష్తా ఆమెను ప్రస్తావించిన తీరులో గౌరవం లేదు. పొరుగు రాజును తక్కువ చేసే ధోరణి కనిపిస్తుంది.

ఇక ఇంటివారి మాట. గోల్కొండలోనే 1617 ప్రాంతంలో రాసిన కుతుబ్ షాహీ చరిత్రలో భాగమతి ప్రస్తావన లేదు. ముహమ్మద్ కులీ స్వయంగా దక్కనీలో పెద్ద కవి. తన ప్రియురాళ్ళ పేర్లు పెట్టి కవితలు రాశాడు, వారిలో భాగమతి లేదు. కుతుబ్ షాహీ సమాధుల వద్ద తారామతి, ప్రేమామతిలవి అని చెప్పుకునే సమాధులున్నాయి, భాగమతిది లేదు. పురానా పుల్ కట్టింది 1578లో. అప్పటికి ముహమ్మద్ కులీ వయసు పదమూడేళ్ళ ప్రాంతం! పదమూడేళ్ళ పిల్లవాడు ప్రేమలో పడి వరద నదిలో దూకాడంటే మా క్లాసులోని పిల్లలు కూడా నవ్వారు. ఉస్మానియా విశ్వవిద్యాలయ చరిత్ర ఆచార్యులు హారూన్ ఖాన్ షేర్వానీ ఇలాంటి ఆధారాలన్నీ పేర్చి భాగమతి కల్పిత పాత్ర అని తేల్చారు. నగరం పేరు హజ్రత్ అలీ (ర) బిరుదైన హైదర్ నుంచి వచ్చిందని, భాగ్‌నగర్ అన్న మాట బాగ్‌ల నగరం, అంటే తోటల ఊరు, నుంచి వచ్చి ఉండవచ్చని వాదించారు.

అయితే నరేంద్ర లూథర్ దీన్ని ఒప్పుకోలేదు. ఐఏఎస్ అధికారిగా పనిచేసి ఈ నగర చరిత్ర కోసం జీవితమంతా వెచ్చించిన మనిషి, 2021లో కన్నుమూశారు. సమకాలికులు ఇద్దరు ముగ్గురు రాసిన సంగతిని దర్బారీ చరిత్రకారుడు రాయలేదన్న ఒక్క కారణంతో కొట్టివేయలేమని ఆయన వాదన. అది కూడా న్యాయమైన వాదనే. దర్బారులో కూర్చుని రాసేవాడు చెప్పకుండా వదిలేసేవి ఎన్నో ఉంటాయి.

కనుక జల్లెడలో చివరకు మిగిలింది ఇది: ఊరికి భాగ్‌నగర్ అన్న పేరు కూడా వాడుకలో ఉండేది. దాని వెనుక ఒక స్త్రీ ఉందని ఆ కాలంలోనే బయటివారు చెప్పుకున్నారు. వంతెన కథ నిలవదు. స్త్రీ ఉన్నదనీ రుజువు కాలేదు, లేదనీ రుజువు కాలేదు. హదీసు విద్యార్థికి ఈ స్థితి కొత్త కాదు. జయీఫ్, అంటే బలహీనం, అని రాసి ఊరుకుంటాడు. జయీఫ్ అంటే అబద్ధమని కాదు, దాని మీద ఇల్లు కట్టకూడదని.

నన్ను ఆలోచింపజేసింది మరొకటి. ఈ ఒక్క కథ ఎన్ని చేతులు మారిందో, చేయి మారినప్పుడల్లా ఎంత మారిందో చూడండి. మొదట పొరుగు దర్బారులవారు పాదుషాను తక్కువ చేయడానికి చెప్పారు. తర్వాత అదే కథ ప్రేమగాథ అయింది. 1991లో నగరానికి నాలుగు వందల ఏళ్ళు నిండిన రోజుల్లో హిందూ ముస్లిం ఐక్యతకు గుర్తుగా దాన్ని సంతోషంగా చెప్పుకున్నాం. మన ఇళ్ళలో ఒక్కరైనా అభ్యంతరం చెప్పినట్టు నాకు గుర్తు లేదు. ఇప్పుడు అదే కథను ఊరి పేరు మార్చడానికి వాడుతున్నారు. వెంటనే మనవాళ్ళకు షేర్వానీ సాబ్ గుర్తుకొచ్చారు! ఆయన పుస్తకం 1974 నుంచి లైబ్రరీల్లో ఉంది. కథ మనకు నచ్చినంత కాలం దాన్ని తెరిచినవారు ఎందరు? సనద్ అడగాల్సిందే. కానీ కథ మనల్ని గుచ్చినప్పుడు మాత్రమే అడిగితే అది తహ్‌ఖీక్ కాదు, వకాలత్.

మన మీద వచ్చిన కల్పన మనకు బాగా గుర్తుంటుంది. 2020లో కరోనా వచ్చినప్పుడు ఢిల్లీ నిజాముద్దీన్ మర్కజ్ పేరుతో ఎలాంటి వీడియోలు తిరిగాయో, టోపీ పెట్టుకుని కూరగాయలు అమ్ముకునేవారిని వీధుల్లోకి ఎలా రానివ్వలేదో మరిచిపోలేదు. ఆ ఆగస్టులోనే బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి విదేశీ తబ్లీగీలపై కేసులు కొట్టివేస్తూ వారిని బలిపశువులను చేశారని వ్యాఖ్యానించింది. తీర్పు వచ్చింది గానీ వీడియో చూసిన వారందరి చేతికీ అది చేరలేదు.

మరి మనం పంచిపెట్టిన కల్పనలు? మదీనాలో రౌజా ముబారక్ ఖాదిం షేక్ అహ్మద్‌కు కలలో దైవప్రవక్త (స) కనిపించి చెప్పారంటూ ఒక వసియ్యత్‌నామా మన ఇళ్ళకు వచ్చేది. ఇన్ని ప్రతులు రాసి పంచితే లాభం, పంచకపోతే నష్టం అని బెదిరింపు ఉండేది. నా చిన్నతనంలో మా అమ్మీ నా చేత ఉర్దూలో ప్రతులు రాయించింది. నా తమ్ముడికి అప్పుడు జ్వరం. ఆమె రాయించింది భక్తితో కాదు, భయంతో అని పెద్దయ్యాక అర్థమైంది. ఈ కాగితం వందేళ్ళకు పైగా దేశాలు తిరుగుతూనే ఉంది. సౌదీ ధర్మపండితులు షేక్ ఇబ్న్ బాజ్ ఇది పచ్చి అబద్ధమని ప్రత్యేకంగా రాశారు. అయినా అది చేతిరాత నుంచి జిరాక్సుకు, జిరాక్సు నుంచి వాట్సాప్‌కు మారింది. సూరాల ఘనత గురించి హదీసులు కల్పించిన నూహ్ బిన్ అబీ మర్యం అనే వ్యక్తి, జనాన్ని ఖుర్ఆన్ వైపు మళ్ళించాలనే అలా చేశానని ఒప్పుకున్నట్టు ముహద్దిసుల గ్రంథాల్లో ఉంది. అతని ఉద్దేశం మంచిదని వారు ఆ హదీసులను ఉంచలేదు. తీసి పారేశారు.

భాగమతి ఉన్నా లేకపోయినా ఈరోజు ఎవరి ఇంట్లోనూ కన్నీరు కారదు. 1948 అలా కాదు. 2024 మార్చిలో 'రజాకార్' సినిమా విడుదలైంది. సినిమా సినిమాయే. కానీ చూసి వచ్చిన కుర్రవాడు తాను చరిత్ర చూశాననుకుంటాడు. మన ఇళ్ళలో దానికి జవాబుగా మరో సగం చెబుతాం. పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ తదితరులను నెహ్రూ ప్రభుత్వం పంపింది, పోలీస్ యాక్షన్ సమయంలో, ఆ తర్వాత 27,000 నుంచి 40,000 మంది చనిపోయారని వారు అంచనా వేశారు, ఆ నివేదికను దశాబ్దాల పాటు బయట పెట్టలేదు. ఇది నిజం. చెప్పాల్సిందే. 1948 ఆగస్టులో భైరాన్‌పల్లిలో రజాకార్లు ఊరివారిని చంపారు. ఇదీ నిజం. అదే నెలలో 'ఇమ్రోజ్' ఉర్దూ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను రజాకార్లకు వ్యతిరేకంగా రాసినందుకు ఈ నగరంలోనే చంపారు. ఆయన మనవాడే. ఆయన పేరు మన పిల్లల్లో ఎందరికి తెలుసు? సగం నిజాన్ని సినిమావారు మాత్రమే చెబుతారని అనుకోవడానికి వీల్లేదు.

ఇక్కడ ఒక మాట. ఆ నివేదిక రాసిన వారిలో ఒకరైన ఖాజీ అబ్దుల్ గఫార్ అంతకుముందు 'లైలా కే ఖుతూత్' అనే నవల రాశారు. అది ఒక స్త్రీ రాసిన ఉత్తరాల రూపంలో ఉన్న కల్పన. అదే కలం చనిపోయినవారి లెక్క కూడా రాసింది. నవలను ఎవరూ వార్త అనుకోలేదు, నివేదికను ఎవరూ నవల అనుకోలేదు. ఏది ఏమిటో రాసినవారే చెప్పారు గనుక. కథలు రాయడం తప్పని నేను అనడం లేదు. కథను వార్త అని చెప్పి చేతిలో పెట్టడం గురించే నా బాధ. వార్త వస్తే తేల్చుకోమని సూరా హుజురాత్ 6వ ఆయత్‌లో వచ్చిన ఆజ్ఞను మనం జుమా ఖుత్బాల్లో వింటూనే ఉంటాం.

ఆ అబ్బాయికి నేను ఉందనీ లేదనీ చెప్పలేదు. ఒక కాగితం మీద గీతలు గీసి ఎవరు చెప్పారు, ఎప్పుడు, అప్పుడు ఎక్కడ ఉన్నారు, ఎవరి కొలువులో ఉన్నారు అని రాసుకు రమ్మన్నాను. వారం తర్వాత తెచ్చాడు. ఫైజీ, ఫరిష్తా, షేర్వానీ, లూథర్ అందరినీ రాశాడు. రెండు వీడియోల దగ్గర మాత్రం పేరు గడి ఖాళీగా ఉంది. చేసినవాళ్ళు పేర్లు చెప్పుకోలేదట. దాదీ చెప్పిన కథ ఎక్కడ రాయాలని అడిగాడు. దాదీ పేరు రాసి, ఆమె ఎవరి దగ్గర విన్నదో అడిగి ఆ కింద రాయమన్నాను. వాళ్ళ నానీ దగ్గర విన్నదట. ఆ నానీ పేరు గుర్తు చేసుకోవడానికి దాదీకి రెండు రోజులు పట్టిందని చెప్పాడు.