ఒకే నీళ్లు, మూడు ప్రశ్నలు

హైదరాబాద్ వైద్యుడు ఎ.హెచ్.సిద్దిఖీ నల్లగొండ జిల్లాలో తాగునీటి ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఫ్లోరోసిస్ రోగుల మీద రాసిన వ్యాసం 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది. ఇవాళ చేతిలో ఫోన్ ఉన్న ఎవరైనా దాన్ని ఉచితంగా చదువుకోవచ్చు. ఫ్లోరైడ్ మీద ప్రాజెక్టు చేసే, అదే జిల్లా మర్రిగూడ మండలపు డిగ్రీ విద్యార్థి మొదట చదవాల్సిన వాటిలో అదొకటి. కానీ గడువుకు వారం ముందు మొదలయ్యే ప్రాజెక్టులో దానికి చోటెక్కడ?

ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో ‘జిజ్ఞాస’ పేరుతో విద్యార్థుల అధ్యయన ప్రాజెక్టులు జరుగుతున్నాయి. మంచి పని. చిక్కంతా మొదట్లోనే ఉంది. ‘మర్రిగూడ మండలంలో ఫ్లోరైడ్ సమస్య’ అని పేరు రాసి, నాలుగు వెబ్‌సైట్ల నుంచి పేరాలు దించి, రెండు ఫొటోలు అతికిస్తే రిపోర్టు తయారవుతుంది. అందులో సమస్య పేరు ఉంటుంది గానీ ప్రశ్న ఉండదు. ప్రశ్న లేనప్పుడు ఏ ఆధారం పనికొస్తుందో, ఏది పనికిరాదో తేల్చుకోవడం ఎవరి తరమూ కాదు.

ప్రశ్న ఎలా పుడుతుందో నల్లగొండ చరిత్రే చూపిస్తుంది. సిద్దిఖీ వైద్యుడిగా రోగుల ఎముకలను, వెన్నును పరిశీలించారు. 1973లో జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి ఫ్లోరోసిస్ ప్రాంతాల్లోని పిల్లల్లో, యువకుల్లో మోకాళ్లు లోపలికి వంగిపోవడాన్ని లాన్సెట్‌లో నమోదు చేశారు. ఎందుకిలా అవుతోందన్న ప్రశ్నతో అక్కడి నుంచి పరిశోధన జొన్న తిండి వైపు, నీటిలోని ఇతర మూలకాల వైపు మళ్లింది. నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తల ఆలోచన వేరు. నీళ్లలో ఫ్లోరైడ్‌ను చవకగా ఎలా తీసేయాలన్నది వాళ్ల ప్రశ్న. పటిక, సున్నం కలిపి తేర్చే వాళ్ల పద్ధతి ‘నల్లగొండ టెక్నిక్’ పేరుతో టాంజానియా, ఇథియోపియా దాకా వెళ్లింది. అవే నీళ్లు, మూడు ప్రశ్నలు. ఒక్కో ప్రశ్నకు కావాల్సిన ఆధారాలు కూడా వేరు: ఒకరికి ఎక్స్‌రేలు, ఒకరికి ఇంటింటి తిండి లెక్కలు, మరొకరికి ప్రయోగశాల.

ఇరవై ఏళ్ల విద్యార్థి లాన్సెట్‌కు రాయనక్కర్లేదు. తన ఊరికి సరిపడేంత చిన్న ప్రశ్న వేసుకుంటే చాలు. మిషన్ భగీరథ తాగునీటి పథకం నల్లా వచ్చాక కూడా ఒక వాడలో ఎన్ని ఇళ్లు బోరు నీళ్లు వాడుతున్నాయి? దేనికి వాడుతున్నాయి? తాగడానికా, పప్పు ఉడకేయడానికా, బర్రెలకా? క్యాన్ నీళ్లు కొనే ఇల్లు ఎందుకు కొంటోంది? ఈ ప్రశ్నలకు జవాబు ఏ వెబ్‌సైట్‌లోనూ దొరకదు. అందుకే అవి ప్రాజెక్టుకు పనికొస్తాయి.

ఆధారాలను కూడగట్టడంతో పని అయిపోదు, వాటిని నిలదీయాలి. తెలంగాణలో ఫ్లోరైడ్ పీడిత ఆవాసాలు సున్నాకు చేరాయని 2020లో కేంద్రం చెప్పింది. విద్యార్థి ఆ సున్నాను యథాతథంగా ఎక్కించకూడదు, కొట్టిపారేయనూ కూడదు. అది సరఫరా అవుతున్న తాగునీటి లెక్క. గ్రానైట్ రాళ్ల కింద బోరులో ఊరే నీటి గురించి గానీ, ముప్పై ఏళ్ల క్రితమే వంగిపోయిన ఎముకల గురించి గానీ అది ఏమీ చెప్పదు. బోరు నీటి సంగతి భూగర్భ జల శాఖను అడగాలి. లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితి దాటిందో లేదో నీటి పరీక్ష రికార్డు చెబుతుంది. కాగితం ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. కాకపోతే జవాబుకు 30 రోజుల గడువుంటుంది కాబట్టి ఆ దరఖాస్తు ప్రాజెక్టు ప్రతిపాదన రాసే దశలోనే పడాలి. జనాభా లెక్కల గ్రామ వివరాలు, ఆన్‌లైన్ భాండాగారం శోధ్‌గంగలోని సిద్ధాంత గ్రంథాలు ఇంటి నుంచే చూసుకోవచ్చు.

ప్రతిపాదనలో తప్పక ఉండాల్సిన మాట ఇంకొకటి ఉంది, మర్రిగూడకు అది మరీ ముఖ్యం. ఈ మండలం దశాబ్దాలుగా కెమెరాలకు, నమూనా సీసాలకు, ప్రశ్నావళులకు అలవాటు పడిపోయింది. ఇక్కడి శివన్నగూడేనికి చెందిన అంశాల స్వామి ఫ్లోరోసిస్ వంచేసిన శరీరంతోనే ఢిల్లీ దాకా వెళ్లి నీళ్లు అడిగారు. 2023 జనవరిలో కన్నుమూశారు. అలాంటి మనుషులున్న ఊరికి వెళ్లి, అనుమతి అడగకుండా కాళ్ల ఫొటోలు తీసుకుని, ‘కేసు 7’ అని కింద రాసి మార్కులు తెచ్చుకోవడం అన్యాయం. ఎవరిని ఏమడుగుతాం, కాదంటే ఏం చేస్తాం, ఫొటో తీస్తామా లేదా, ఫలితాన్ని ఊరికి తెలుగులో ఎప్పుడు చెబుతాం అన్నవి ప్రతిపాదనలోనే రాసుకోవాలి. చివరిదాన్ని మన కాలేజీలు అడగడమే లేదు. అడగాలి.

ఇదంతా రెండు పేజీల్లో పట్టే పనే. ఒక ప్రశ్న, అది ఎందుకు కావాలో నాలుగు వాక్యాలు, ఇప్పటికే ఎవరు ఏం తేల్చారు, మనం ఎవరి దగ్గరికి వెళ్తాం, ఎన్ని రోజులు పడుతుంది. చదివిన ప్రతి కాగితం పేరు, సంవత్సరం, పేజీ మొదటి రోజు నుంచే ఒక నోటుబుక్కులో ఎక్కించుకుంటే ఆఖర్న వెతుకులాట తప్పుతుంది.

రిపోర్టుకు ఇచ్చినన్ని మార్కులు కాకపోయినా, కనీసం నాలుగో వంతు ఈ రెండు పేజీలకు కేటాయించాలి. ప్రతిపాదన అధ్యాపకుడి చేతిలో ఒక్కసారైనా ఎర్ర సిరాతో తిరిగి రాకుండా ఏ విద్యార్థినీ ఊళ్లోకి పంపకూడదు. వచ్చే విద్యా సంవత్సరం ప్రాజెక్టులు పంచేటప్పుడు నల్లగొండ, మహబూబ్‌నగర్ కాలేజీలు మొదటి నెలను పూర్తిగా దీనికే వదిలిపెట్టాలి.